నీళ్ళ మచ్చ అనుకున్నది

అక్కయమ్మ పూర్తిగా నవ్వగా చూసినవాళ్ళు ఊళ్ళో లేరు. నవ్వు వచ్చే ముందే కొంగు నోటి మీదికి వస్తుంది. ఐదో తరగతిలో ఉన్నప్పుడు ఒక కొత్త మేష్టారు పిల్లలను వరసగా నిలబెట్టి నోళ్ళు తెరవమన్నాడు. పళ్ళు తోముకోవడం మీకెవరికీ రాదా అని అడిగాడు. తోమితే పోయే రంగు కాదది. చాకవేలు పక్కన, బండల నడుమ ఉన్న ఆ పల్లెలో బోరు నీళ్ళు తాగి పెరిగిన ప్రతి నోటిలోనూ గోధుమరంగు చారలు ఉంటాయి. ఎన్ని వేల ఏళ్ళుగా చీకట్లో రాతిని నాకుతూ పడున్నాయో ఆ నీళ్ళు, పైకి వచ్చాక పిల్లల పళ్ళను నాకుతాయి.

అందుకే మనవరాలు లిఖితకు ఎనిమిదో నెలలో కింది చిగురు చీల్చుకుని మొదటి పన్ను కనబడినప్పుడు, అక్కయమ్మకు సంతోషం కంటే ముందు భయం వేసింది. బియ్యపు నూక అంత తెలుపు. అంత తెల్లటిది ఈ ఇంట్లో ఎన్నాళ్ళుంటుంది?

పాపకు పుట్టువెంట్రుకలు తీసిన రోజున ఆ భయానికి మాటలు తొడిగింది వియ్యపురాలు చౌడమ్మ. చింతామణి నుంచి వచ్చింది. బోడి తలకు గంధం పూసిన పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, అందరూ వింటుండగా అంది:

“చూడు వదినా, బిడ్డను నీ చేతిలో పెట్టి నా కూతురు పనికి పోతాండాది. నువ్వు ఎట్లయినా పెంచుకో. మీ ఊరి పండ్లు మాత్రం దీనికి రానీయద్దు. వచ్చినాయంటే ఆ పొద్దే చంకనేసుకోని చింతామణికి ఎత్తుకపోతా.”

“ఎత్తుకపోమ్మా, మాకీ కొంచెం నిద్ర పడతాది,” అన్నాడు అక్కయమ్మ భర్త మునినారాయణ.

అందరూ నవ్వారు. అక్కయమ్మ కూడా నవ్వినట్టే కొంగు అడ్డం పెట్టుకుంది. కొంగు వెనక ఏముందో ఎవరికీ కనబడలేదు.

మరుసటి రోజు నుంచి పాప నోటికి బోరు నీటి చుక్క తగలనివ్వలేదు. పాల డెయిరీ పక్కన ఫిల్టరు నీళ్ళ గది ఉంది. నాణెం వేస్తే క్యాను నిండుతుంది. తెల్లవారకముందే ఆ క్యాను చంకన పెట్టుకుని అక్కయమ్మ వచ్చేది. పాప జావ ఆ నీళ్ళతోనే. సీసా కడగడం ఆ నీళ్ళతోనే. ఆఖరికి మూతి తుడిచే గుడ్డ కూడా ఆ నీళ్ళలోనే తడిపేది.

“ఏం అక్కయమ్మా, బిడ్డకు నీళ్ళు పోసేది కూడా ఫిల్టర్లోనేనా?” అని ఆడవాళ్ళు ఎగతాళి చేస్తే, “పోసుకునేటప్పుడు నోట్లోకి పోవా ఏం?” అనేది. ఎగతాళి కాదు, నిజంగానే ఆలోచించేది.

కోడలు రూప పొద్దున ఆరున్నరకు గార్మెంట్స్ వ్యాను ఎక్కుతుంది. బాగేపల్లి దగ్గరి ఫ్యాక్టరీలో చొక్కాలకు కాలర్లు కుడుతుంది. దీపాలు పెట్టే వేళకు గాని రాదు. కొడుకు రవీంద్ర టమాటా టెంపో తోలుతాడు, ఏ మార్కెట్టు ఎటు పిలిస్తే అటు. ఇంట్లో ఉండేది అక్కయమ్మ, రెండు ఆవులు, ఒలవాల్సిన చెనిక్కాయల మూటలు, పాప.

రెండు చేతులతో ఇన్ని పనులు జరగాలంటే మూడో చెయ్యి కావాలి. ఆ చెయ్యిని అక్కయమ్మ పాత చీరతో తయారుచేసుకుంది. దూలానికి కట్టిన చీర ఉయ్యాలలో తువ్వాలు మడిచి పెట్టి, దాని మీద పాల సీసా ఆనించి, ఒక పీలికతో సీసా మెడను ఉయ్యాల అంచుకు ముడివేసేది. సీసా జారదు. సీసా రబ్బరు పీక పాప పెదవుల మధ్యనే ఉంటుంది. నిద్రలో జారినా, మేలుకుంటే దానంతట అదే నోటికి దొరుకుతుంది. పాలలో రెండు చెంచాల చక్కెర. చక్కెర లేని పాలను పాప ఉమ్మేసేది. ఆ రుచి నేర్పింది కూడా అక్కయమ్మే. ఉయ్యాల ఊగుతుంటే సీసాలో పాలు ఒక ఒడ్డు నుంచి ఇంకో ఒడ్డుకు నెమ్మదిగా నడిచేవి. వాకిట్లో చెనిక్కాయలు పటపటమని పగిలేవి. ఏడుపు వినబడని ఇల్లు అది. రాత్రి రూప పక్కలో పడుకున్నప్పుడు కూడా పాపకు సీసా కావాల్సిందే. పగలంతా కాలర్లు కుట్టి వచ్చిన రూప, సీసా నోట్లో పెట్టీపెట్టగానే నిద్రపోయేది.

ఏడాది దాటాక, శ్రావణంలో ఒక మధ్యాహ్నం, ఆవలిస్తున్న పాప నోట్లో అక్కయమ్మకు ఏదో కనబడింది. పై పళ్ళ మీద, చిగురును ఆనుకుని, సున్నంతో గీసినట్టు సన్నటి గీత. పాల చార అనుకుని గుడ్డతో తుడిచింది. పోలేదు. గోటితో గీకింది. పాప తల తిప్పుకుంది.

అక్కయమ్మ ఇంక గీకలేదు. ఎందుకంటే ఆమె ఒక తప్పు చేసి ఉంది. ఆ వేసవిలో ఫిల్టరు యంత్రం చెడిపోయి పదకొండు రోజులు ఆ గదికి తాళం పడింది. మునినారాయణ సైకిలు మీద చాకవేలు నుంచి తెచ్చిన క్యాన్లు సరిపోక, రెండు పూటలు, రెండే రెండు పూటలు, పాప జావను ఆమె బోరు నీళ్ళతో కాచింది. ఎవరికీ చెప్పలేదు. ఆ రెండు పూటలే ఇప్పుడు తెల్లగా పైకి తేలుతున్నాయని ఆమెకు అనుమానం లేకుండా అర్థమైంది.

దీపావళికి ఆ గీత పసుపైంది. సంవత్సరం తిరిగేసరికి గోధుమరంగు. ఆ రంగును అక్కయమ్మ పుట్టినప్పటి నుంచి ఎరుగును. అమ్మ నోట్లో, అక్కల నోళ్ళలో, అద్దంలో. అందుకే దానికి వేరే పేరు ఉండొచ్చని ఆమెకు తోచలేదు.

ఒక ఆదివారం పాపకు అన్నం తినిపిస్తూ రూప అడిగింది. “అత్తా, పాప పండ్లు ఒక మాదిరి ఉండాయే. నువ్వు ఫిల్టరు నీళ్ళే కదా తాగిచ్చేది?”

“ఆ దేవుని మీద ఆన,” అంది అక్కయమ్మ.

రూప ఒక్క క్షణం అత్త నోటి వైపు చూసి చూపు తిప్పుకుంది. ఇంకేమీ అడగలేదు. ఈ ఊళ్ళో పుట్టిన బిడ్డకు ఈ ఊరి పళ్ళే వస్తాయి కాబోలు అనుకున్నట్టుంది. ఆన పెట్టిన నోరు ఆ తర్వాత తెరవడం మరీ కష్టమైంది. అంతకుముందు దాచింది రెండు పూటల నీళ్ళనే. ఇప్పుడు దేవుని మీది అబద్ధపు ఆనను కూడా దాచాలి.

రెండేళ్ళు నిండేసరికి పాప నమలడం మానేసింది. సంగటి ముద్ద పెడితే నాలుకతో తోసేసేది. చల్లటి నీళ్ళు తగిలితే ఉలిక్కిపడేది. తినని బిడ్డ కడుపులో పాలైనా పడాలి కదా అని అక్కయమ్మ సీసాలు పెంచింది. రెండు ఉన్నచోట నాలుగు. ఉయ్యాల దిగినా పాప చేతిలో సీసా వేలాడుతూనే ఉండేది. పై నాలుగు పళ్ళ అంచులు తడిసిన బిస్కెట్టులా చెదిరిపోతున్నాయి. అక్కయమ్మ చూడటం మానేసింది. పాప నవ్వితే వేరే వైపు తిరిగి ఆవుతో మాట్లాడేది.

అంగనవాడిలో పిల్లల తూకం వేసే రోజు వచ్చింది. టీచరు ప్రేమ ఆ ఊరి కోడలే, గట్టి మనిషి. పాపను తూకంలోంచి ఎత్తి, ఒళ్ళో పడుకోబెట్టుకుని, బొటనవేలితో పై పెదవి పైకి లేపింది. లేపిన వేలు అక్కడే ఆగిపోయింది.

“అక్కా, ఇది ఎన్నాళ్ళ నుంచి?”

“మన నీళ్ళ మచ్చే కదా ప్రేమా.”

“నీళ్ళ మచ్చ పన్నును కొరుక్కుతింటాదా? సగం పన్ను లేదు చూడు. బాగేపల్లి ఆస్పత్రిలో పండ్ల డాక్టరమ్మ ఉండాది, పోయి చూపించు.”

“పాలపండ్లే కదమ్మా. ఎట్లైనా ఊడిపోయేవే.”

“ఊడేది ఆరేండ్లు దాటినంక. అంతవరకూ యేంటితో తింటాది, నీ పండ్లతోనా?”

“నా పండ్లు నాకే చాలడం లేదులే,” అంది అక్కయమ్మ. ప్రేమ నవ్వలేదు.

“రూపకు ఫోను చేసి చెప్తా.”

అక్కయమ్మ ఆమె మణికట్టు పట్టుకుంది. తను అంత గట్టిగా పట్టుకున్నానని ఆమెకే తెలియలేదు. “వద్దు తల్లీ. నేనే చెప్తా. ఈ ఆదివారం చెప్తా.”

ఆ ఆదివారం రూప పాపకు కొత్త గౌను తొడిగి ఫోటోలు తీసుకుంది. ఆ సంతోషంలో చెప్పలేకపోయింది. మరో ఆదివారం రవీంద్ర ఇంట్లో ఉన్నాడు. కొడుకు ఉన్నప్పుడు గొడవ ఎందుకని చెప్పలేదు. మూడో ఆదివారం రాలేదు.

బుధవారం పొద్దున, రూప వ్యాను ఎక్కి వెళ్ళిన గంటకు, అక్కయమ్మ పాలు పిండి వచ్చి ఉయ్యాల చీర విప్పి చూసింది. లోపల వేరే బిడ్డ ఉంది. పై పెదవి ముక్కుదాకా లేచింది. ఎడమ చెంప ఉబ్బి, మెరుస్తూ, కంటి కిందిదాకా ఎక్కింది. ఆ కన్ను గీతలా మూసుకుపోతోంది. ఒళ్ళు కాలుతోంది. కట్టిన సీసా కట్టినట్టే, నిండుగా ఉంది. పాప ఏడవడం లేదు. తెరిచి ఉన్న ఒక్క కంటితో అవ్వను చూస్తోంది.

అక్కయమ్మ అరుపు విని మునినారాయణ కొట్టంలోంచి పరిగెత్తుకొచ్చాడు.

“తేలు గానీ కుట్టిందా?”

“పన్ను,” అంది. “పండ్లు.”

“రూపకు ఫోను చేస్తా.”

“వద్దప్పా. ముందు నేను పోయి డాక్టరుకు చూపిస్తా. మందు రాపిస్తా. ఆమె వచ్చేసరికి దిగిపోతాది.”

“ఒసే, బిడ్డ కన్ను మూతపడతాంటే ఇంగా ఏం దాస్తావు?” ఆయనకు అన్నీ తెలుసని ఆమెకు అప్పుడు తెలిసింది. రూప ఫోను పని వేళల్లో ఫ్యాక్టరీ బీరువాలో ఉంటుంది. ఆయన వ్యాను డ్రైవరుకు ఫోను చేశాడు.

బాగేపల్లి బస్సులో అక్కయమ్మ కిటికీ వైపు ముఖం పెట్టుకుని, కొంగు పాప ముఖం మీద కప్పి కూర్చుంది. ఎండిపోయిన చెరువులు, ఒకదాని మీద ఒకటి పేర్చి వదిలేసిన బండలు, యూకలిప్టస్ తోటలు వెనక్కి పోతున్నాయి. ప్రతి గుంతకూ పాప మూలిగింది. ఆ వాపు ఇంకా పైకి పాకుతోందా? వేలు పెట్టి కొలిచింది. చెంప మీద తన బొటనవేలి వెడల్పు. ఇంకో ఊరు దాటాక మళ్ళీ కొలిచింది. బస్సు ఎగిరెగిరి పడుతుంటే ఏం తెలుస్తుంది.

డాక్టరు మేఘ ముప్పై కూడా దాటని పిల్ల. పాపను చూడగానే వరసలోంచి లోపలికి పిలిచింది. కుర్చీ లాక్కుని అక్కయమ్మ ఎదురుగా, మోకాళ్ళకు మోకాళ్ళు ఆనేటట్టు కూర్చుంది.

“పాపను మీ వైపు తిప్పుకోండమ్మా. కాళ్ళు మీ నడుముకు రెండు వైపులా. ఇప్పుడు మెల్లగా వెనక్కి పడుకోబెట్టండి, తల నా ఒళ్ళోకి. చేతులు మీరు పట్టుకోండి. గట్టిగా. నేను నోరు చూస్తా.”

రెండు జతల మోకాళ్ళ మీద పాప ఒక చిన్న వంతెనలా పడుకుంది. డాక్టరు పెదవి లేపింది. అప్పుడు వచ్చింది ఏడుపు. రెండేళ్ళుగా పాలతో నింపి ఉంచిన నోట్లోంచి, ఇన్నాళ్ళూ రాని ఏడుపంతా ఒక్కసారిగా వచ్చింది. చిన్న చేతులు అక్కయమ్మ పిడికిళ్ళలో చేపల్లా కొట్టుకున్నాయి. వదలకూడదు. ఈ పిడికిళ్ళు వదిలితే సూది ఎక్కడ దిగుతుందో. ఆమె కళ్ళు మూసుకుని పట్టుకుంది. ఏదో చిట్లిన చప్పుడు, చెడువాసన, దూది. చీము.

“అయిపోయింది,” అంది డాక్టరు. “చీము కంటి లోపలికి పోలేదు. ఇంకో రెండు రోజులు ఆగి ఉంటే బెంగుళూరుకు పంపాల్సి వచ్చేది. మందు ఈ పూట నుంచే మొదలు పెట్టండి. వాపు పెరిగినా, జ్వరం తగ్గకపోయినా, ఏ వేళైనా సరే వెంటనే తీసుకురండి. నాలుగు రోజులకు రండి, ఈ రెండు పళ్ళు తీసేయాలి.”

ఆ మాటకు తలుపు దగ్గర ఎవరో ఊపిరి పీల్చారు. రూప. మెడలో ఫ్యాక్టరీ గుర్తింపు కార్డు, జుట్టులో దారపు పోగులు. ఎంతసేపటి నుంచి నిలబడి ఉందో.

అక్కయమ్మకు ఇక దాచడానికి ఏమీ మిగలలేదు. “నేనే చేసినానమ్మా,” అంది డాక్టరుతో. కళ్ళు మాత్రం రూప మీద ఉన్నాయి. “బోరు నీళ్ళతో జావ కాచినా. రెండు పూటలు. ఆన పెట్టి కోడలికి అబద్ధం చెప్పినా.”

డాక్టరు అర్థం కానట్టు చూసింది. తర్వాత అక్కయమ్మ నోటి వైపు చూసి, అర్థమైనట్టు తల ఊపింది.

“కొంగు తీయండమ్మా ఒకసారి. చూడమ్మా, మీ అత్తవి నీళ్ళ పళ్ళు. పైనా కిందా అన్నిటికీ ఒకే రంగు, కానీ రాయిలా గట్టిగా ఉన్నాయి. పాపవి చూడు. పైవి కరిగిపోయినాయి. కిందివి?”

కింది నాలుగు పళ్ళు తెల్లగా ఉన్నాయి. మొదటి రోజు కనబడినంత తెల్లగా.

“నీళ్ళయితే కిందివాటిని వదిలిపెడతాయా? పైగా నీళ్ళ మచ్చ పాలపళ్ళకు పట్టేది తక్కువ. పాలు ఎట్లా తాగిస్తారు?”

అక్కయమ్మ ఉయ్యాల గురించి చెప్పింది. తువ్వాలు గురించి, పీలిక ముడి గురించి, రెండు చెంచాల గురించి. చెప్తూ చెప్తూ ఉండగానే గొంతు తగ్గిపోయింది.

“నిద్రలో నోట్లో ఉమ్మి ఊరదమ్మా, కడిగేవాళ్ళుండరు. సీసా పాలు పైపళ్ళ చుట్టూ నిలిచిపోతాయి. కిందిపళ్ళను నాలుక కప్పి కాపాడుతుంది. తీపి నిలిచినచోట పురుగు కాదు, కంటికి కనబడని క్రిములు పులుపు చేస్తాయి. ఆ పులుపు పన్నును కరిగిస్తుంది. మొదట తెల్లగీత పడుతుంది. మీకు కనబడలేదా?”

“కనబడింది,” అంది అక్కయమ్మ.

“అప్పుడే వచ్చుంటే ఆపేదాన్ని.”

ఏడాదికి పైగా మోసిన నేరాన్ని ఆ పిల్ల ఇంత సులువుగా చేతుల్లోంచి తీసేసింది. తీసి, అంతకంటే బరువైనదాన్ని పెట్టింది. రెండు పూటల నీళ్ళు కాదు. రోజూ ప్రేమగా కట్టిన ముడి.

డాక్టరు చెప్పుకుంటూ పోయింది. సీసా ఆపేయాలి, గ్లాసుతో తాగించాలి. నిద్రకు ముందు పళ్ళు తోమి, ఆ తర్వాత నీళ్ళు తప్ప ఏదీ ఇవ్వకూడదు. పన్ను రాకముందు కూడా చిగుళ్ళను తడిగుడ్డతో తుడవాలి. ఏడాది నిండేసరికి ఒకసారి పళ్ళ డాక్టరుకు చూపించాలి. రోజూ రెండుసార్లు బియ్యపు గింజంత పేస్టు, పెద్దవాళ్ళే తోమాలి. నెలకొకసారి పెదవి లేపి వెలుతురులో చూడాలి.

పేస్టు గొట్టం అక్కయమ్మ చేతికిస్తూ, “మీ ఊరి నీళ్ళలో ఉండేదే ఇందులోనూ ఉంటుంది, ఫ్లోరైడు,” అంది. అక్కయమ్మ చెయ్యి వెనక్కి లాక్కుంది. “భయపడకండి. ఏళ్ళ తరబడి తాగితే మచ్చ. గింజంత పైన పూసి తుడిస్తే కాపలా. ఫిల్టరు నీళ్ళు మానొద్దు, అది మీరు చేసిన మంచి పనే.”

బయట బెంచీ మీద రూప పాపను భుజాన వేసుకుని కూర్చుంది.

“నువ్వు ఎప్పుడు చూసినావు అత్తా?”

“పోయిన యేడు శ్రావణంలో.”

“నాకేమిటికి చెప్పలేదు?”

“పాపను తీసుకోని పోతావని.”

“ఇప్పుడు పోతా,” అంది రూప. అరవలేదు. “చక్కెర పాలు నేనూ తాగిచ్చినా అత్తా, రాత్రుల్లో. దానికి నిన్నొకదాన్నే అనను. కానీ నువ్వు చూసి గూడా గమ్మునుంటివి చూడు.”

నాలుగు రోజులకు ముందరి రెండు పళ్ళు తీసేశారు. ఐదో రోజు రూప పాపను చింతామణిలో తల్లి దగ్గర వదిలి, పని కోసం ఒక్కతే తిరిగి వచ్చింది. దూలం నుంచి ఉయ్యాల చీర దించేశారు. ఇప్పుడు ఇంట్లో చెనిక్కాయలు పగిలే చప్పుడు తప్ప ఇంకేమీ వినబడదు.

రోజూ సాయంత్రం రూప ఫోనులో పాప ముఖం వెలిగేది. అక్కయమ్మ కొంచెం దూరంగా, స్తంభం పక్కన నిలబడి చూసేది. వాపు పోయింది. నవ్వితే నడిమధ్యన చిన్న చీకటి తలుపు. ఒక సాయంత్రం రూప పొయ్యి మీద కూర చూడటానికి లేచి, ఫోను అత్త చేతికిచ్చింది. ఆ తెర మీద పాప నోట్లో ఏదో ఉంది. రబ్బరు పీక.

“అది యేంటిది వదినా?”

“సీసా వద్దన్నారు కదా, మానిపించినా. చక్కెర కూడా లేదు,” అంది చౌడమ్మ గర్వంగా. “ఈ పీకను రవ్వంత తేనెలో అద్ది పెడితే చాలు, బంగారు మాదిరి పడుకుంటాది. అడివి తేనె. మందు గూడాను. మా దగ్గర ఏడుపే లేదమ్మా.”

ఏడుపే లేదు. ఏడుపు లేని ఇల్లు ఎలా ఉంటుందో అక్కయమ్మకు తెలుసు. లోపల ఏం జరుగుతుందో కూడా ఇప్పుడు తెలుసు. మిగిలిన పళ్ళ మీద, వెనక కొత్తగా వస్తున్న దవడపళ్ళ మీద, తేనె నిలిచి ఉన్నట్టు కనబడింది.

చెప్పకుండా ఉండొచ్చు. చెబితే ఏమనుకుంటారో తెలుసు. అయినా ఈసారి ఆదివారం దాకా ఆగలేదు. నేరుగా పొయ్యి దగ్గరికి వెళ్ళింది. “రూపా, మీ అమ్మ పీకను తేనెలో అద్ది పెడతాండాది.”

“తేనే కదత్తా,” అని, గరిటె ఆపి, రూప వెనక్కి తిరిగింది. “మా అమ్మ మీద చాడీలా? పాప మళ్ళీ ఈ ఇంటికి రావల్లనా నీకి?”

“రాకున్నా పర్లేదు.”

ఆ మాట తన నోటినుంచే వచ్చిందని అక్కయమ్మ నమ్మలేకపోయింది. రూప కూడా నమ్మినట్టు లేదు. కూర వైపు తిరిగిపోయింది.

పొద్దున్నే ఆవులను భర్తకు అప్పజెప్పి అక్కయమ్మ చేలూరు మీదుగా పోయే చింతామణి బస్సెక్కింది. దారిపొడుగునా మాటలు పేర్చుకుంది. దిగేసరికి ఒక్కటీ మిగలలేదు. చౌడమ్మ ఇంటి గడపలో నిలబడేసరికి మధ్యాహ్నం.

“చూసేకి వచ్చినావా, ఎత్తుకపోయేకి వచ్చినావా?” అంది చౌడమ్మ. నవ్వుతూనే, దారి వదలకుండా.

“చెప్పేకి వచ్చినా వదినా.”

పాప అవ్వను చూసి పరిగెత్తుకొచ్చింది. మెడలో దారంతో కట్టిన పీక వేలాడుతోంది. అక్కయమ్మ ఎత్తుకోలేదు. ఎత్తుకుంటే చెప్పడం చేతకాదు. వాకిట్లో వెలుతురులో కూర్చుని, చౌడమ్మను ఎదురుగా కూర్చోమంది. మోకాళ్ళకు మోకాళ్ళు. పాపను తన వైపు తిప్పుకుని, తలను వియ్యపురాలి ఒళ్ళోకి వాల్చింది.

“పెదవి లేపి చూడు.”

“చూసినాలే, రెండు పండ్లు లేవు. మీ ఊరి నీళ్ళు...”

“నీళ్ళు కాదు. నేను. నాకేం తెలియక పోలేదు వదినా. తెల్లగీత చూసినా. నువ్వు ఎత్తుకపోతావని నోరు మూసుకున్నా. ఆ పొద్దున ఉయ్యాల విప్పితే బిడ్డ కన్ను లేదు. చెంప పైకి పోయి కన్ను మింగుతాండాది. ఇంగ రెండు దినాలైతే బెంగుళూరుకు పంపాల్సి వచ్చేదంట. నా సీసాలో చక్కెర. నీ పీకలో తేనె. పండ్లకు యేం తేడా తెలుస్తాది? ఆ పక్కపన్ను చూడు. చిగురు కాడ.”

చౌడమ్మ బొటనవేలు పాప పెదవిని లేపింది. వంగింది. ఇంకా వంగింది. వెలుతురు కోసం తల పక్కకు తీసింది.

“ఈ తెల్లదేనా?” అంది. ఆ గొంతులో ఎకసెక్కం లేదు.

“అదే. ఇది ఆగుతాదంట, ఇప్పుడే చూపిస్తే. నేను ఆపలేదు.”

చౌడమ్మ పీక దారాన్ని పళ్ళతో కొరికి తెంపింది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక పిడికిట్లో పట్టుకుంది.

పాపకు నిద్ర వేళయింది. మెడ తడుముకుంది. పీక లేదు. మొదట విసుక్కుంది, తర్వాత ఏడ్చింది, తర్వాత నేల మీద పడి దొర్లింది. అక్కయమ్మ తడిగుడ్డ వేలికి చుట్టుకుని ఆ చిన్న చిగుళ్ళను తుడిచింది. పాప ఆ వేలిని కొరికింది. గ్లాసుతో నీళ్ళు పట్టారు, తోసేసింది. పక్కింటివాళ్ళు వచ్చి తొంగిచూశారు. “బిడ్డను యేమిటికట్లా ఏడిపిస్తాండారు ఇద్దరు ముసలమ్మలు?” అన్నారు. చౌడమ్మ రెండుసార్లు లేచింది, తేనె సీసా ఉన్న అలమర వైపు. రెండుసార్లూ అక్కయమ్మ ఆమె కొంగు పట్టుకుంది. మూడోసారి లేచింది అక్కయమ్మే. చౌడమ్మ ఆమె చెయ్యి పట్టి కూర్చోబెట్టింది.

ఎండ గడప దాటి లోపలికి వచ్చాక ఆ ఏడుపు వెక్కిళ్ళయింది, వెక్కిళ్ళు ఊపిరయ్యాయి. పాప ఇద్దరి మధ్య చాప మీద నోరు కొంచెం తెరిచి నిద్రపోయింది. ఖాళీ నోరు. ఆ రెండు పళ్ళ చోటులోంచి గాలి వచ్చిపోతోంది.

కదిలితే మేలుకుంటుందని ఇద్దరూ కదలలేదు. చౌడమ్మ పాప నోటి మీది నుంచి చూపు తిప్పలేకపోతోంది.

“వదినా, రేపూ ఉండు,” అంది గుసగుసగా. “నాకు భయమేస్తాండాది.”

“నాకూ,” అంది అక్కయమ్మ.